దండకారణ్యమున సేవాధర్మము

రాయపూరు నుండి దక్షిణముగా పోవు రాజమార్గము ధమ్తరి, కాంకేరు, కొండగావ్ మీదుగా జగదల్పురము చేరును. అచటినుండి సుక్మా, కుంట దాటి, భద్రాచలము వద్ద గోదావరిని కలిసికొని, కొత్తగూడెము మీదుగా విజయవాడ సమీపమునకు వచ్చి ముగియును. 1931లో పూర్తియైన రైలుమార్గ మొకటి అదే నగరమును విజయనగరముతో కలిపెను. కావున ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూరు తెలుగువారికి దూరపు నగరము కాదు. ఈ మార్గములకు నడుమ నున్నది దండకారణ్యము. పురాణములలో మునివాటికలకు ప్రసిద్ధమైన ఆ అడవి ఇటీవలి చరిత్రలో తుపాకులకును, శరణార్థులకును ప్రసిద్ధమైనది. అట్టి చోట ధర్మబుద్ధితో అన్నము పెట్టుటకు, బడి నడుపుటకు, కలహించినవారిని మరల ఒక ఊరివారిగా చేయుటకు పూనుకొన్నవారి కృషిని గూర్చి యోచించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

యుద్ధముల చరిత్ర వ్రాయువానికి సాధనసామగ్రికి కొదువ లేదు. ఎవరు ఎవరిమీద ఎన్నడు దాడి వెడలిరో, ఎందరు మడిసిరో చెప్పు కాగితములు ఇరుపక్షములయందును ఉండును. కాలిపోయిన పల్లెలో మరల పొయ్యి వెలిగిన దినము మాత్రము ఎవరి దినచర్యలోను వ్రాయబడదు. తొలిసారి ఉప్పుబస్తా మోసికొని వచ్చినవాడెవడు, మూతపడిన బడి తలుపు తెరచినవాడెవడు అను ప్రశ్నలకు సమాధానము వెదకుట కష్టము. అయినను శాంతి అనునది అట్టి చిన్నపనుల మొత్తమే. దండకారణ్యమున ఈ అరువదేండ్ల పైబడిన కాలములో రెండు నిర్వాసిత ప్రవాహములు కనబడుచున్నవి. ఒకటి బయటినుండి ఈ అడవికి వచ్చినది. రెండవది ఈ అడవినుండి బయటికి పోయినది. రెంటియందును సేవాసంస్థల చేయి కలదు. ఆ చేయి ఎంతవరకు చాచబడెను, ఎచట ఆగిపోయెను అనునదియే మనము తెలిసికొనవలసిన సంగతి.

రాయపూరున ఈ కథకు మూలము కొంత పాతది. బాలుడైన నరేంద్రుడు, అనగా తరువాతి వివేకానందస్వామి, 1877లో తండ్రి విశ్వనాథదత్తుని యొద్దకు ఈ పట్టణమునకు వచ్చెను. అప్పటికి రైలు నాగపురము వరకే ఉండెను. మిగిలిన దారి అడవులగుండ ఎడ్లబండిమీద సాగెను. రెండేండ్లు ఆయన ఇచటనే పెరిగెను. 1897 మే 1న ఆయన కలకత్తాలో రామకృష్ణ మిషనును స్థాపించెను. ఆ నెలలోనే ఆయన సోదరశిష్యుడు అఖండానందస్వామి ముర్షిదాబాదు జిల్లాలోని మహులా గ్రామమున కరవుపీడితులకు అన్నదానము ప్రారంభించెను. కావున ఈ సంస్థకు సేవ తరువాత చేర్చుకొన్న అనుబంధము కాదు, పుట్టుకతో వచ్చిన లక్షణము. జీవుని సేవించుటయే శివుని పూజించుట యనెడు భావనను వారు సంఘనియమముగా చేసికొనిరి.

రాయపూరునకు అనతిదూరమున మానా అను గ్రామము కలదు. నేడు నగరపు విమానాశ్రయము అచటనే ఉన్నది. 2012లో దానికి వివేకానందస్వామి పేరు పెట్టిరి. విమానమెక్కు ప్రయాణికులలో పలువురు ఎరుగని విషయమేమనగా, ఈ మానా ఒకనాడు తూర్పు పాకిస్తానునుండి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ప్రధాన విడిదిగా ఉండెను. 1958లో కేంద్రప్రభుత్వము దండకారణ్య ప్రణాళికను ఏర్పరచెను. బస్తరు, కోరాపుట్టు ప్రాంతములలో అడవి కొట్టి, నేల చదునుచేసి, శరణార్థులకు ఇండ్లును సేద్యమును కల్పించుట దాని ఉద్దేశము. 1964లో తూర్పు పాకిస్తానున చెలరేగిన మతకల్లోలముల పిమ్మట వచ్చినవారితో మానా శిబిరములు నిండిపోయెను. 1971లో ఆ దేశమున అంతర్యుద్ధము వచ్చినపుడు మొత్తము మీద కోటిమందికి దగ్గరగా భారతదేశమున తలదాచుకొనిరి. బంగ్లాదేశము ఏర్పడిన తరువాత ఆ యేటి శరణార్థులలో అత్యధికులు స్వదేశమునకు మరలిరి. అంతకుముందే వచ్చినవారికి మరలుటకు దారి లేకపోయెను.

ఆ శిబిరవాసులకు సేవచేయుటలో రాయపూరులోని వివేకానంద ఆశ్రమము పాలుపంచుకొనెను. కాని ఔషధముతో, బియ్యముతో తీరని కొరత ఒకటి అచట ఉండెను. నదీమాతృకమైన నేలలో వరి పండించినవారిని, పడవలు నడిపి చేపలు పట్టినవారిని తెచ్చి గరుసునేలలో దింపిరి. ప్రణాళికకు అధ్యక్షుడుగా పనిచేసిన శైవాల్ కుమార్ గుప్త పదవి విడిచిన పిదప, 1965లో ఈ పునరావాసము లోని లోపములను పత్రికాముఖమున వివరించెను. నీటివసతి లేని పొలమునకు పట్టా ఇచ్చినంత మాత్రమున రైతు నిలువడు. 1978లో లక్షకు పైబడిన జనము దండకారణ్యము విడిచి బెంగాలునకు నడచిరి. వారిలో పలువురు సుందరవనములలోని మరీచ్‌ఝాఁపి దీవిలో కాలుమోపిరి. 1979 మే నెలలో ప్రభుత్వము వారిని బలవంతముగా వెడలగొట్టెను. అనేకులు మరల ఈ అడవికే చేరవలసివచ్చెను.

దీనికి రెండవవైపు కూడ చూడవలెను. శరణార్థులకు ఇచ్చిన నేల నిర్జనమైనది కాదు. అది గోండుల వేటపట్టు, పశువుల మేతపట్టు, ఇప్పచెట్ల తోపు. గృహము కోల్పోయినవానికి గృహము కల్పించుటలో మరియొకని అడవి తరిగిపోయెను. నేటి కాంకేరు జిల్లాలోని పఖాంజూరు చుట్టుపట్ల బెంగాలీ పల్లెలు నిలద్రొక్కుకొన్నవి. వారి కష్టార్జితమును తక్కువ చేయరాదు. అయితే వచ్చినవారికిని, ఉన్నవారికిని నడుమ సంధి కుదుర్చు పని ఏ ప్రణాళికలోను పద్దుగా వ్రాయబడలేదు. పునరావాస మనగా ఇల్లు కట్టించుట మాత్రమే కాదని, పొరుగును కూడ కట్టవలెనని మానా నేర్పిన పాఠము.

ఆశ్రమమునకు ప్రాణమైనవాడు ఆత్మానందస్వామి. ఆయన 1929లో రాయపూరు జిల్లా బరబందా గ్రామమున జన్మించెను. పూర్వాశ్రమమున పేరు తులేంద్రుడు. బాల్యమున కొంతకాలము వార్ధాలో గాంధీమహాత్ముని సన్నిధిని గడపెను. గణితశాస్త్రమున ఎం.ఎస్సి. పట్టము పొంది, ఉన్నతోద్యోగముల దారి విడిచి సన్న్యసించెను. వివేకానంద శతజయంతి సంవత్సరమైన 1963లో 'వివేక్ జ్యోతి' అను హిందీ పత్రికను వెలువరించెను. 1968లో రాయపూరు ఆశ్రమము బేలూరు మఠమునకు శాఖయయ్యెను. 1974లో ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున అనావృష్టి కలిగినపుడు, ఆలయనిర్మాణమునకు కూడబెట్టిన ధనమును ఆయన కరవుబాధితులకై వ్యయపరచెను. ఆలయము తరువాత మరల విరాళములు పోగుచేసి కట్టించిరి. దేవుడు కొంతకాలము ఆగగలడు, ఆకలి ఆగజాలదు అను వివేకము ఆ కార్యమున కనబడుచున్నది.

ఆత్మానందుని దృష్టి తుదకు బస్తరు లోపలి అడవులమీద నిలిచెను. 1985లో నారాయణపూరున రామకృష్ణ మిషను ఆశ్రమము వెలసెను. దానికి ఆవలనున్నది అబూజ్‌మాడ్. సుమారు 4,000 చదరపు కిలోమీటర్ల కొండసీమ అది. మాడియా గోండులకు నివాసము. అచట రెవెన్యూ సర్వే చిరకాలము జరుగలేదు. ఏ పొలము ఎవరిదో చెప్పు ప్రభుత్వపత్రము లేదు. సంతకు దిగివచ్చు గిరిజనుడు సారపప్పు ఇచ్చి, ప్రతిగా ఉప్పు తీసికొనిపోవు కాలమది. సారపప్పు ధర అతడెరుగడు, వ్యాపారి ఎరుగును. కావున ఆశ్రమమువారు బడితోపాటు చౌకధరల దుకాణములు కూడ తెరచిరి. నారాయణపూరున వసతితో కూడిన విద్యాపీఠము, ఆరోగ్యధామమను ఆసుపత్రి, వ్యవసాయ శిక్షణ ఏర్పడెను. లోపలి సీమలో ఆకాబేడా, కుతుల్, ఇరక్‌భట్టి, కచ్చపాల్, కుందలా గ్రామములలో ఉపకేంద్రములు వెలసెను. ఆత్మానందుడు ఈ వృక్షము పెరుగుట చూడకుండగనే 1989 ఆగస్టులో రాజనందగావ్ సమీపమున మోటారు ప్రమాదమున మరణించెను.

ఇచటి ప్రజలు బయటివారిని నమ్మకపోవుటకు కారణములు లేకపోలేదు. 1910లో భూమ్‌కాల్ తిరుగుబాటును బ్రిటిషు సైన్యము అణచెను. 1966 మార్చి 25న జగదల్పురము కోటలో పోలీసు కాల్పులకు బస్తరు మహారాజు ప్రవీరచంద్ర భంజదేవుడు, ఆయనతో కొందరు గిరిజనులు బలియైరి. 1980లో పీపుల్స్ వార్ దళములు మన నేలనుండి గోదావరి దాటి బస్తరులో ప్రవేశించెను. తునికాకు కూలి పెంపునకు, అటవీ అధికారుల దౌర్జన్యమును నిలుపుటకు వారు పోరాడిరి. ఆ కారణమున గిరిజనుల ఆదరము పొందిరి. పిమ్మట ఆయుధమే శాసనమైన చోట కలుగు అనర్థములన్నియు కలిగెను. ఇన్‌ఫార్మరను అనుమానముతో ప్రజాపంచాయతీలలో ప్రాణములు తీసిరి.

2005 జూనులో సల్వా జుడుం ప్రారంభమయ్యెను. గోండీ భాషలో ఆ పేరునకు శాంతియాత్ర అను అర్థము చెప్పిరి. ప్రభుత్వపు అండతో గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులను చేసిరి. నాటి దంతేవాడ జిల్లాలో వందలాది గ్రామములు చెదరిపోయెను. సుమారు 50,000 మంది రోడ్డు ప్రక్క శిబిరములకు చేర్చబడిరి. వేలాదిమంది గోదావరి సీమకు, నాటి ఖమ్మము, వరంగల్ జిల్లాల అడవులకు పారిపోయి వచ్చిరి. దీనిని అంతర్యుద్ధమని పిలుచుటకు ప్రభుత్వము సమ్మతింపలేదు. కాని ఒకే ఇంట అన్న దళమునందును, తమ్ముడు ప్రత్యేక పోలీసునందును ఉన్నపుడు ఆ పేరు మాని వేరొక పేరు పెట్టుట కష్టము. బడులలో భద్రతాదళములు విడిసెను. ఆ కారణము చెప్పి మావోయిస్టులు బడులను పేల్చివేసిరి. అట్లు అక్షరము ఇరుప్రక్కల దెబ్బ తినెను.

ఆ సంక్షోభమున నారాయణపూరు ఆశ్రమము పని ఆపలేదు. కుతుల్ మావోయిస్టుల ముఖ్యస్థావరమని పేరుపడిన గ్రామము. ప్రభుత్వ సిబ్బంది పోవుటకు జంకిన ఆ చోట ఆశ్రమపు బడి నడచెను. బియ్యము, ఉప్పు చేరెను. రెండుపక్షములవారును ఆ దారిని మూయకుండుటకు కారణము ఊహింపదగినదే. ఆశ్రమము ఆయుధము పట్టలేదు, ఎవరి జెండాను ఎత్తలేదు, ఎవరిని దూషింపలేదు. బడిలోని పిల్లవాని అన్న ఏ పక్షమున ఉన్నాడని అడుగకుండుట ఆ సేవకు మొదటి నియమము. అడవి బిడ్డలు అచట చదువుకొనిరి. ఆటలయందును పేరు తెచ్చుకొనిరి. 2024లో అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య 20 ఏండ్ల లోపు యువకుల జాతీయ పోటీలను ఆ ఆశ్రమ క్రీడాప్రాంగణముననే జరిపెను. పోలీసుల వాహనములు, అంబులెన్సులు మాత్రమే వార్తలకెక్కిన పట్టణమునకు అది చిన్న విషయము కాదు.

అయినను ఈ మౌనమునకు మూల్యము లేదనుకొనరాదు. ఇల్లు కాలినవానికి కంబళి ఇచ్చి, ఎవరు కాల్చిరని అడుగకుండుట ఎంతవరకు ధర్మము? వసతిగృహమున పెరిగిన బాలుడు హిందీ నేర్చి, గోండీ మరచి, ఘోటుల్ సంప్రదాయమునకు దూరమైనచో లాభనష్టములను ఎట్లు తూచవలెను? ఈ ప్రశ్నలు విరోధులు కల్పించినవి కావు, సేవయొక్క స్వభావమునుండియే పుట్టినవి. వీనికి మరియొక విధముగా సమాధానమిచ్చిన ఆశ్రమమొకటి దంతేవాడ సమీపమున ఉండెను. దాని వంశవృక్షము మన తెలుగునేలమీదనే మొలచినది గనుక ముందు ఆ సంగతి చెప్పుకొందము.

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపమున శివరామ్‌పల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. అది ముగిసిన పిదప వినోబాభావే నల్లగొండ జిల్లాలో కాలినడకను ప్రవేశించెను. తెలంగాణ సాయుధ పోరాటము ఇంకను విరమింపబడలేదు. పగలు సైన్యమునకును, రాత్రి దళములకును జడిసి పల్లెలు బ్రదుకుచుండెను. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజన కుటుంబములు తమకు 80 ఎకరములు కావలెనని అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చుటకు ముందుకు వచ్చెను. భూదానోద్యమము తరువాత ఎంత సఫలమయ్యెను, ఎంత విఫలమయ్యెను అనునది వేరు చర్చ. వినోబా గ్రహించిన మూలసత్యము మాత్రము నిలిచియున్నది: పోరునకు కారణమైన కొరతను తాకకుండ, పోరు మానుడని బోధించుట వ్యర్థము.

ఆ సర్వోదయ సంప్రదాయమున పెరిగిన హిమాంశు కుమార్ 1992లో దంతేవాడ సమీపమున కవల్‌నార్ గ్రామమున వనవాసీ చేతనా ఆశ్రమమును నెలకొల్పెను. మొదట ఆరోగ్యము, శిశుపోషణ, నీటి సంరక్షణ వంటి పనులే దాని కార్యక్రమము. 2005 తరువాత దగ్ధమైన పల్లెలవారు వచ్చి తమ గోడు చెప్పుకొనగా, ఆశ్రమవాసులు ఆ ఫిర్యాదులను కాగితముమీద పెట్టి అధికారులకు, న్యాయస్థానములకు పంపిరి. 2008లో నేండ్ర అను గ్రామమున మరొక ప్రయోగము చేసిరి. చెదరిపోయి ఆంధ్రదేశమునకు, అడవులకు చేరినవారిని వెనుకకు పిలిచి, సేవకులు తామును ఆ పల్లెలోనే నివసించి, దాడి జరిగినచో ముందు తమమీదనే జరుగునట్లు అడ్డు నిలిచిరి. మరల విత్తనములు చల్లిరి. యుద్ధానంతర శాంతినిర్మాణమునకు ఇంతకంటె సూటియైన ఉదాహరణము ఆ ప్రాంతమున కనబడదు.

ఆ సాహసమునకు ప్రతిఫలము కఠినముగా వచ్చెను. 2009 మే 17న అధికారులు పోలీసుబలముతో వచ్చి ఆశ్రమ భవనములను నేలమట్టము చేసిరి. అది అటవీభూమి ఆక్రమణ యని ప్రభుత్వము చెప్పెను. గ్రామసభ సమ్మతితోనే ఉన్నామని ఆశ్రమము చెప్పెను. 2010 జనవరిలో హిమాంశు కుమార్ దంతేవాడ విడిచిపోయెను. గొంపాడు గ్రామమున 2009లో జరిగిన హత్యలమీద స్వతంత్ర విచారణ కోరి ఆయన వేసిన వ్యాజ్యమును 2022 జూలై 14న సర్వోన్నత న్యాయస్థానము కొట్టివేసి, ఐదు లక్షల రూపాయల జరిమానా విధించెను. అంతకుముందు, 2011 జూలై 5న, నందినీ సుందర్, రామచంద్ర గుహ, ఇ.ఏ.ఎస్. శర్మ తెచ్చిన వ్యాజ్యమున అదే న్యాయస్థానము వేరు విధముగా పలికియుండెను. జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఇచ్చిన ఆ తీర్పు గిరిజన యువకులను ప్రత్యేక పోలీసులుగా పోరునకు దింపుట రాజ్యాంగవిరుద్ధమని చెప్పెను.

ఒక ఆశ్రమము మౌనము వహించి బడిని నిలిపెను. మరియొకటి నోరు తెరచి గూడు కోల్పోయెను. ఈ రెంటిలో ఒకదానిని పొగడి మరియొకదానిని నిందించుట సులభము గాని, చరిత్ర అట్టి తీర్పునకు అనుకూలింపదు. లోకానుభవము ఇచట కొంత దారి చూపును. స్పెయిను అంతర్యుద్ధమున క్వేకరులు ఇరుపక్షముల పిల్లలకును పాలు పోసిరి. వారి సేవాసంఘములకు 1947లో నోబెల్ శాంతిబహుమానము లభించెను. 1968లో రోము నగరమున విద్యార్థులు స్థాపించిన సంత్ ఎజీదియో అను కాథలిక్ సంఘము మొజాంబికునకు ఆహారమును, మందులను పంపుచు పరిచయము పెంచుకొనెను. తుదకు 1992 అక్టోబరు 4న ఆ దేశపు అంతర్యుద్ధమును ముగించు ఒప్పందము వారి ఇంటనే జరిగెను. మనదేశముననే 1964లో నాగా బాప్టిస్టు క్రైస్తవసంఘముల పూనికతో జయప్రకాశ్ నారాయణ్, బిమలాప్రసాద్ చాలిహా, మైకేల్ స్కాట్ కూడిన శాంతిమండలి ఏర్పడి, సెప్టెంబరులో కాల్పుల విరమణ సాధించెను. అన్నము పెట్టినవాడు మధ్యవర్తి కాగలడని ఈ ఉదాహరణములు చెప్పుచున్నవి. అయితే పోరాడువారు ఇరువురును మధ్యవర్తిని కోరినపుడే అది సాధ్యము. బస్తరులో 2005 తరువాత అట్టి పీఠము ఎవరును వేయలేదు. కావున సేవకుల ముందు మిగిలినవి రెండే దారులు: మౌనముగా నిలుచుట, సాక్ష్యము చెప్పి పోవుట.

మతము పేర సేవచేయువారు మరువరాని ప్రమాదము ఇంకొకటి కలదు. 2022 చివరి నెలలలో నారాయణపూరు, కొండగావ్ జిల్లాలలో క్రైస్తవమతము స్వీకరించిన గిరిజనులను తమ పల్లెలనుండి వెడలగొట్టిరి. 2023 జనవరి 2న నారాయణపూరు పట్టణమున ఒక చర్చిమీద గుంపు దాడిచేయగా, ఆపవచ్చిన జిల్లా పోలీసు ఉన్నతాధికారి గాయపడెను. చనిపోయినవానిని ఊరి శ్మశానమున పూడ్చనిచ్చుటయా, మానుటయా అను వివాదములు పెరిగెను. శాంతి తెచ్చుటకు వచ్చిన విశ్వాసమే వైరమునకు హేతువైనచో ఆ అడవికి మరియొక యుద్ధము మొదలగును. ఏ మతసంస్థయైనను తన అన్నశాలలో ఇతరమతస్థునికి సమానముగా విస్తరి వేయగలిగినపుడే దాని సేవకు శాంతి అను పేరు తగును.

2025 మే 21న మావోయిస్టు ప్రధాన కార్యదర్శియు, శ్రీకాకుళము జిల్లావాడునైన నంబాల కేశవరావు అబూజ్‌మాడ్ అడవులలో భద్రతాదళముల చేతిలో మరణించెను. అదే సంవత్సరము అక్టోబరులో జగదల్పురమున రెండువందలకు పైబడిన మావోయిస్టులు ఒకే దినమున ఆయుధములు అప్పగించిరి. తుపాకులు లొంగుట యుద్ధమునకు ముగింపు కావచ్చును. శాంతికి అది ఆరంభము మాత్రమే. ఆయుధము విడిచినవాడు, మునుపు ప్రత్యేక పోలీసుగా నుండినవాడు, వీరిరువురిచేత అన్నను గాని తండ్రిని గాని పోగొట్టుకొన్నవాడు, ముగ్గురును ఒకే సంతలో ఉప్పు కొనవలెను. ఒకే చెరువునీరు త్రాగవలెను. ఆ ముగ్గురి పిల్లలను ఒకే బల్లమీద కూర్చుండబెట్టు బడి కావలెను. ఎవరేమి కోల్పోయిరో విని వ్రాసికొనువాడును కావలెను. నారాయణపూరు చేసిన పనియు, కవల్‌నార్ చేసిన పనియు అప్పుడు ఒకదానికొకటి తోడగును.

ఈ బాధ్యతలో తెలుగువారికి భాగము లేదనుకొనరాదు. ఆ అడవికి దళములు పోయినది మన గట్టునుండి. అచట ఇల్లు కాలినవారు వచ్చినదియు మన గట్టునకే. గుత్తికోయలని మనము పిలుచు ఆ కుటుంబములు భద్రాద్రి కొత్తగూడెము, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల అడవి అంచులలో ఆకుగుడిసెలు వేసికొని మిరపచేలలో కూలిచేసి బ్రదుకుచున్నవి. వారికి ఇచట తెగ ధ్రువపత్రము దొరకుట కష్టము, పోడునేలకు పట్టా దొరకుట అంతకంటె కష్టము. మరలి పోవుదమన్న, ఇరువదేండ్లు విడిచిన పొలమును అడవి మ్రింగివేసినది. మానాలో బెంగాలీ రైతునకు జరిగినది వీరికి మరల జరుగకుండ చూచుట మన చేతిలోని పని. వారికి ముందుగా చేయవలసిన ఉపకారమేమనగా, ఉండగోరువారికి ఇచట ఉనికిని, పోగోరువారికి అచట పొలమును నిలుపుట. రాయపూరునుండి గోదావరి వరకు వచ్చు ఆ మార్గమున ఆయుధములును, శరణార్థులును ఇదివరకే నడచిరి. ఇక విత్తనములును, పలకలును నడువవలసియున్నది.